పొద్దుటెండలో పెట్టిన మూడు కుండీలు

"నువ్వు కళ్లారా చూశావా అక్కా?"

"చూశానురా."

మా తమ్ముడికీ నాకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. ఫోన్లో. వాడు హైదరాబాదులో, నేను సింగపూర్‌లో, ఒకరి వంటింట్లో, పొయ్యి మీద పాలు చూసుకుంటూ.  సరే అని కూడా అనకుండా ఫోను  పెట్టేశాడు. ఆ నెల తిరక్కుండానే పోయాడు. గుండె అన్నారు.

నేను చూడలేదు. చూడనిదాన్ని చూశానన్నాను. ఒక ఆడమనిషి మొగుణ్ణి జైలుకు పంపిందని లోకమంతా అనుకునేలా చేశాను. పంపింది నేను.

బరువంటే నాకు తెలుసు. పొగాకు నారు బుట్టలు మోసిన మెడ ఇది. ఆ బరువును ఏదో ఒక గట్టు మీద దించుతాం, చెంగుతో మొహం తుడుచుకుంటాం, మళ్లీ ఎత్తుకుంటాం. దీన్ని దించే చోటు ఇన్నేళ్లూ దొరకలేదు. దొరకలేదా, వెతకలేదా? వెతకలేదు. అలాగే రాయి.

నాకు రాయడం రాదు. సంతకం వరకు వచ్చు. నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది. ఆ తమ్ముడి కూతురే. ఉద్యోగం చేసే పిల్లయినా నాకు పాపే. కూర్చోబెట్టేముందే దానికి చెప్పాను. నేనేం చెప్పినా కలం ఆపొద్దు, మధ్యలో అడగొద్దు, ఎవరి పేర్లూ రాయొద్దు. "ఏంటత్తా, వీలునామానా? నాకేం రాస్తున్నావేంటి?" అని నవ్వింది. నవ్విందని కూడా రాయి పాపా. ఇక నవ్వదు.

ఇది చదివేవారు మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు మేలు. తెలిసినవాళ్ల ముందు ఈ నోరు అబద్ధానికే అలవాటు పడింది.

మాది ఒంగోలు పక్కన పొగాకు పండే ఊరు. అమ్మ చిన్నతనాన పోతే తమ్ముణ్ణి నేనే చంకనేసుకుని తిరిగాను. నాకు పెళ్లయ్యాక వాడు నాతోపాటే వచ్చాడు. మా ఆయన వెల్డరు. ఇక్కడ సింగపూర్‌లో, తువాస్ అనేచోట ఓడలు బాగుచేసే యార్డుకు వచ్చి, లారీల్లో తిరిగి, కష్టపడి ఫోర్‌మన్ అయి, ఇక్కడే ఉండే హక్కు తెచ్చుకుని నన్ను పిలిపించుకున్నారు. మాకు పిల్లలు లేరు. తమ్ముడి చదువే మా ఇద్దరి పంట. అప్పుడు కంప్యూటర్ వచ్చినవాడికి ఎదురొచ్చి ఉద్యోగం ఇచ్చే రోజులు. వాడూ ఇక్కడికే వచ్చాడు. వాడి పెళ్లాం, అంటే నా మరదలు, అదీ అదే చదువు. సెంగ్‌కాంగ్‌లో ఫ్లాట్ తీసుకున్నారు. పాప పుట్టింది.

మా ఆయనకు పొట్టలో క్యాన్సర్ అని తేలినప్పుడు మేం జురాంగ్ వెస్ట్‌లో ఉండేవాళ్లం. తమ్ముడు వచ్చి, మా ఇంట్లోనే ఉందురుగాని రండని సామాన్లు సర్దేశాడు. బావను లేపి చేతుల మీద లిఫ్టు దాకా మోశాడు.

"నడుస్తాలేరా, బరువు నేను" అన్నారాయన.

"ఏం బరువు బావా, పాపే నీకన్నా బరువుండిద్ది" అన్నాడు వాడు. ఆయన నవ్వారు. ఆ జబ్బు మొదలయ్యాక ఆయన నవ్వడం అదే మొదలు.

మందు ఎక్కించిన రోజుల్లో ఆయన ఏమీ తినలేకపోయేవారు. గంజి నీళ్లు నోటిదాకా తెస్తే చాలు, వాంతి. పోపు వాసన వస్తే గోడవైపు తిరిగేవారు. ఆయన ఎముకలు రోజురోజుకూ చర్మం కిందనుంచి లేచొస్తుంటే చూసినవాడు తమ్ముడు. గంజాయి ఇస్తే వాంతి ఆగుతుంది, ఆకలి పుడుతుంది అని వాడు ఎక్కడో చదివాడు. విత్తనాలు ఎలా తెచ్చాడో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. వంటింటి పక్కన ఇనుప తలుపున్న సామాన్ల గదిలో లైటు పెట్టి, మూడు కుండీల్లో వేశాడు.

మరదలు వణికిపోయింది. "అన్నయ్యగారి మీద నాకు మాత్రం ప్రేమ లేదా? కానీ ఈ దేశంలో దీనికి దయ ఉండదు. పసిపిల్ల ఉంది మనకి" అని ఏడ్చింది. వాడు వినలేదు. ఒకరోజు ఇద్దరూ గట్టిగా మాటామాటా అనుకున్నారు. "అవి పీకి పారెయ్యకపోతే నేనే తీసుకెళ్లి కారిడార్లో పెడతా. అందరూ చూస్తారు. అప్పుడు తెలిసొచ్చిద్ది నీకు!" అంది. భయంలో అన్న మాట. భయమేసినప్పుడు ఆడది అలాగే అరుస్తుంది, నాకు తెలియదా? ఆ మాట నేను వంటింట్లోంచి విన్నాను. విని ఎక్కడో దాచుకున్నాను. దేనికి దాచానో అప్పుడు నాకే తెలియదు.

మొక్కలు మొలిచాయి. నేను వెళ్లి చూస్తుంటే తమ్ముడు వెనకనుంచి వచ్చాడు.

"అక్కా, చూడు, ముట్టుకోకు. ఇది మన పొగాకు కాదు. దీనికి పీకి నాటడం ఉండదు. గింజ పడిన కుండీలోనే పుయ్యాలి."

"నాటు లేకుండా మొక్కెట్టా అయిద్దిరా? కలుపవుద్ది కానీ."

"ఇదో రకంలే. దీనికి పొద్దుతో పనిలేదు. పుట్టినకాడ్నించి వయసే లెక్క. వయసొస్తే అదే పూసుద్ది. మధ్యలో కదిలిస్తే బెంగ పెట్టుకుని కూర్చుంటది. అది తేరుకునేలోపు వయసైపోయిద్ది."

"మనుషుల సంగతి చెప్పినట్టు చెప్తన్నావే."

"మనుషులకన్నా మొండిదక్కా. ఆగదు."

తర్వాత వాణ్ణి ఆఫీసు పని మీద బెంగళూరు పంపారు.

ఇక్కడినుంచి నెమ్మదిగా చెబుతాను. తొందరపడితే మళ్లీ నాకు అనుకూలంగా చెప్పేస్తాను.

కుండీల అడుగు చిల్లుల్లోంచి తెల్లటి వేళ్లు బయటికి వచ్చాయి. నాకు మనసు ఊరుకోలేదు. మా వైపు నారుమడిలో ఒత్తుగా పెరిగే పొగమొక్కను పీకుతాం, మట్టి దులుపుతాం, పొలానికి తీసుకెళ్లి నాటుతాం. అది తల వాల్చేస్తుంది. చచ్చిందనుకుంటారు తెలియనివాళ్లు. గాలి తగిలి, పొద్దుటెండ తగిలి లేస్తుంది. అలా వాలి లేచిన మొక్కే మొక్క. పెద్దవాళ్లు ఆ మాట మనుషులకు కూడా చెప్పేవాళ్లు. నేను నాటిన సాలులో ఒక్క మొక్క పోయేది కాదు. రైతులు నా కోసం కబురంపేవాళ్లు. ఆ సంగతి ఈ దేశంలో ఎవరికి తెలుసు? ఇక్కడ నేను లిఫ్టులో తప్పు అంతస్తులో దిగి, ఏ తలుపు చూసినా ఒకేలా ఉంటే బిక్కమొహం వేసే మనిషిని. ఆ ఇంట్లో అందరూ ఏదో ఒకటి తెలిసినవాళ్లు. నాకు తెలిసింది ఒక్క నాటు.

ఆయన కోసమే చేశానా? సగం ఆయన కోసం. మొక్క త్వరగా ఏపుగా వస్తే ఆయన నాలుగు మెతుకులు తింటారని. మిగతా సగం? తమ్ముడు తిరిగొచ్చి, తలుపు తీసి, "అక్క చెయ్యి పడితే చాలు" అంటాడని. ఆ సగమే పెద్దది. ఇంతకాలం దాన్ని చిన్నదిగా చెప్పుకుంటూ వచ్చాను.

మూడింటినీ పీకాను. నారుకు దులిపినట్టే వేళ్ల మట్టి దులిపాను. పెద్ద కుండీల్లో నాటి, బియ్యం కడిగిన నీళ్లు పోశాను. అవి వాలాయి. వాలాలి కదా, అనుకున్నాను. మర్నాడూ లేవలేదు. ఆ ఇనుప తలుపు గదిలో గాలి ఎక్కడిది? పొద్దుటెండ చూపిస్తే లేస్తాయి అనుకున్నాను.

ఆ పొద్దున మరదలు పాపను తీసుకుని బయటికి బయల్దేరింది. గుమ్మంలో నిలబడి చెప్పులు తొడుక్కుంది. "వదినా, అన్నయ్యగారి మాత్రలు మర్చిపోకండి" అని చెప్పి వెళ్లింది. అది లిఫ్టు ఎక్కాక నేను కుండీలు ఒక్కొక్కటీ తీసుకెళ్లి కారిడార్లో, నా తులసి పక్కన, కరివేపాకు పక్కన పెట్టాను. ఎండ ఎక్కేలోగా లోపల పెట్టేద్దామని.

పక్కింటి చైనా ఆవిడ తన కుండీలకు నీళ్లు పోస్తూ చూసింది. "వా, న్యూ ప్లాంట్ ఆ ఆంటీ? చిల్లీ ఈజ్ ఇట్?"

"చిల్లీ, చిల్లీ" అన్నాను. సంతోషపడింది. కాయలు కాస్తే తనకూ ఇమ్మంది. ఆవిడే ఎవరికైనా చెప్పిందని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ దారిన ఎంతమంది నడిచారో. ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరు చెప్పినా, పెట్టింది నేను.

లోపల ఆయనకు వాంతి పట్టుకుంది. కడిగి, బట్టలు మార్చి, వీపు రాస్తూ కూర్చున్నాను. ఆయన పక్కనే నాకూ కన్ను మూతపడింది. కుండీల మాటే మరిచాను. సాయంత్రం తాళం చప్పుడైతే లేచాను. తమ్ముడు పెట్టెతో లోపలికి వచ్చాడు. వాడు తలుపు వేసేలోగా వాడి వెనకే మామూలు బట్టల్లో మనుషులు. కార్డులు చూపించారు. మత్తుమందులు పట్టుకునేవాళ్లు.

వాళ్లు కుండీలు లోపలికి తెచ్చి నేల మీద పెడితే చూశాను. జానెడు కూడా లేని మొక్క. వాడిన ఆకుల మధ్య, కొసన, తెల్లటి నూగులాంటి పూత. వయసొచ్చింది, పూసింది. వాడు చెప్పినట్టే.

తమ్ముడు వాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడాడు. నావే, ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు అని చెబుతున్నాడని వాడు మమ్మల్ని చూపించిన తీరును బట్టే అర్థమైంది. తర్వాత నావైపు తిరిగి, మెల్లగా, తెలుగులో అడిగాడు.

"ఎవరక్కా బయట పెట్టింది?"

లోపలి గదిలోంచి ఆయన, "ఏమే, ఎవరొచ్చారు?" అని పిలిచారు.

"ఏమోరా" అన్నాను. "పొద్దున మీ ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది."

చూశారా, ఆ రెండో మాటలో ఒక్క అబద్ధం లేదు. నిలబడింది. చెప్పులు తొడుక్కోవడానికి నిలబడింది. నిజాన్ని అబద్ధానికి పైబట్టగా కప్పాను. వాడు కళ్లు మూసుకున్నాడు. వాడికి వాళ్ల గొడవ గుర్తొచ్చిందని నాకు తెలుసు. గుర్తు రావాలనే అన్నాను.

ఎందుకన్నాను? నన్ను తీసుకెళితే ఆయనకు గంజి ఎవరు పోస్తారనుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కొంత నిజం. కానీ వాడు అడిగింది పోలీసులకు చెప్పడానికి కాదు. నేనే పెట్టానని చెప్పినా వాడు నన్ను పట్టించేవాడు కాదు, తనే మోసేవాడు. ఆ మాత్రం వాణ్ణి ఎరగనా? నా భయం జైలు కాదు. "ముట్టుకోకు అన్నాను కదక్కా" అని వాడు అంటాడేమో, అదీ నా భయం. ఆ ఒక్క మాట పడలేక వాడి కాపురాన్ని తీశాను.

వాడికి జైలు వేశారు. బెత్తం దెబ్బలు కూడా. వాడి ఒంటి మీద చిన్నప్పుడు నేను ఒక్క దెబ్బ వెయ్యలేదు.

వాడు లోపల ఉండగానే ఆయన పోయారు. మాలో మొగుడు పోయిన ఆడదానికి పుట్టింటివాళ్లు చీర పెడతారు. నాకు పుట్టిల్లంటే తమ్ముడొక్కడే. దినం రోజు పీట మీద కూర్చుని, నాకు చీర పెట్టేవాళ్లు లేరు కదా అనుకుంటున్నాను. మరదలు వచ్చింది. ఆఫీసుకు సెలవు పెట్టి, చీర కొని, పసిపిల్లను చంకనేసుకుని వచ్చింది. "ఆయన ఉంటే ఆయనే పెట్టేవారు వదినా" అని నా భుజాల మీద కప్పింది. తమ్ముడు అప్పటికింకా దాన్ని ఏమీ అడగలేదు. నేనేం అన్నానో దానికి తెలియదు. చీర కప్పిన ఆ చేతులు పట్టుకుని చెప్పేసి ఉండొచ్చు. గంజి పోయాల్సిన మనిషి పోయాడు, ఆ సాకూ పోయింది. అయినా నోరు తెరవలేదు. ఆ చీర నా దగ్గరే ఉంది. ఒక్కసారి కూడా కట్టలేదు.

తర్వాత మరదలు జైలుకు చూడటానికి వెళ్లినప్పుడు వాడు దాన్ని అడిగాడట. తను కాదందట. అక్క చూసిందన్నాడు. ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. తను కాకపోతే ఇంకెవరో దానికి తెలియదా? మంచంలోంచి లేవలేని మనిషి పెట్టలేదు కదా.

"ఒక్కసారి ఆయనకు నిజం చెప్పండి వదినా. మీ మీద కోపం కూడా లేదు నాకు" అంది.

"నేనేమన్నానమ్మా? గుమ్మంలో ఉన్నావన్నాను, అంతేగా" అన్నాను.

అది బట్టలు సర్దుకుంది. పాపను తీసుకుని ఒంగోల్లో పుట్టింటికి వెళ్లిపోయింది. ఫ్లాట్ అమ్మేశారు. నేను ఇక్కడే తెలుగువాళ్ల ఇళ్లల్లో వండుతూ, పిల్లల్ని ఆడిస్తూ ఉండిపోయాను. తమ్ముణ్ణి విడుదల చేశాక ఈ దేశంలో ఉండనివ్వలేదు, పంపేశారు. వాడు ఒంగోలు వెళ్లలేదు. హైదరాబాదులో ఒక గదిలో ఉన్నాడు.

అక్కడినుంచే ఆ ఫోను. "దాన్ని పిలిపించుకుందామనుకుంటున్నానక్కా. పాపని చూడాలనుంది. కానీ లోపల ఒకటి తొలుస్తా ఉంది. ఒక్క మాట చెప్పు. నువ్వు కళ్లారా చూశావా అక్కా?"

వాడు "లేదు" అనిపించుకోవడానికే అడిగాడు. గొంతులో తెలిసింది. లేదురా అంటే చాలు, నేనే పెట్టానని కూడా చెప్పనక్కర్లేదు. వాడు రైలెక్కేవాడు. ఆ రెండు అక్షరాలు నా నోట్లోంచి రాలేదు. లేదంటే మరి ఇన్నాళ్లూ ఎందుకలా అన్నావని అడుగుతాడు. ఇప్పుడు చెబితే ఇన్నేళ్ల అబద్ధం కూడా చెప్పాలి. తప్పు మీద వడ్డీలా ఆలస్యం పెరిగిపోయింది. చూశానురా అన్నాను. పాలు పొంగిపోయాయి.

పాపా, కలం ఆగింది. తెలుసు, ఎప్పుడాగిందో చూశాను, చీర దగ్గర. మళ్లీ రాశావు. ఇంకొంచెమే ఉంది. రాయి.

నాన్నను అమ్మే పట్టించిందని చుట్టాల నోట విని పెరిగిన ఈ పిల్ల, ఉద్యోగానికి సింగపూర్ వచ్చి, నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఇల్లు అద్దెకు తీసుకుని తనతో పెట్టుకుంది. నాన్నకు అక్కవు, నాన్న పోలిక నీలో ఉందంది. "అమ్మ ఇప్పటికీ తప్పు నీ మీదే తోసుద్ది అత్తా. తండ్రి లేకుండా చేసింది చాలక" అని ఏడిస్తే, నేనేం చేశాను? తల నిమిరాను. తల్లికి చెందాల్సిన ప్రేమను ఒడిలో పెట్టుకుని తల నిమిరాను. దీనికి ఏ పేరు పెడతారో మీరే చెప్పండి. దొంగతనం అనడానికి కూడా ఆ మాట చాలదు.

మొన్న ఆదివారం ఒక మొక్క కొనుక్కొచ్చింది. "అత్తా, దీనికి కుండీ ఇరుకైపోయింది, పెద్దదాంట్లోకి మార్చవా? నీ చేతిలో ఏదైనా బతికిద్ది" అంది. నా చేతులు మట్టిలోకి పోలేదు. అప్పుడే దాని ఫోను మోగింది. వాళ్లమ్మ. కట్ చేసింది. "నా పెళ్లికి ఆమెను పిలవను అత్తా. తేల్చేసుకున్నా. నాన్న చోట నువ్వుండు" అంది.

అందుకే కూర్చోబెట్టాను.

పాపా, మీ అమ్మ పెట్టలేదు. నీకు చెప్పినదంతా నిజమే చెప్పింది. నేను పెట్టాను. మీ నాన్నకు అబద్ధం చెప్పాను, రెండుసార్లు. మీ అమ్మ నిజం తెలిసి కూడా నా ఇంటి మీదికి రాలేదు, నలుగురిలో నా పేరు తియ్యలేదు. చెప్పింది ఒక్క నీకే. నువ్వే నమ్మలేదు. నమ్మకపోవడం నీ తప్పు కాదు. అదీ నాదే.

నన్ను మన్నించమని అడగను. అడిగితే నువ్వు ఏదో ఒకటి చెప్పాల్సొస్తుంది. మన్నించాల్సినవాడు లేడు. రెండో మనిషి ఒంగోల్లో ఉంది, ఆమె ఇష్టం. రేపు నువ్వు నన్ను ఇక్కడ ఉంచుతావో లేదో కూడా ఇప్పుడు అడగను.  చెప్పేశాను. ఈ నోరు ఒక్కసారైనా నిజం పలికింది. నాకు దక్కింది అదే.

ఏడవకు, కాగితం తడుస్తుంది. ఏడ్చుకో, తడవనీ.

ఇప్పుడు మొదటినుంచి చదివి వినిపించు. నాకు చదవడం రాదు కదా. నేను చెప్పింది చెప్పినట్టే రాశావో, అత్తని ఎక్కడైనా కాపాడావో నాకు తెలియాలి. "చూశానురా" అన్నచోట గొంతు తగ్గించొద్దు.

చదువు పాపా.